పాత పంచె, పెయింటు బకెట్టు, యూవీ పట్టీ: ఇంట్లో కట్టుకునే దీపపు ఎర

పొలంలో దీపపు ఎర అంటే పురుగును చంపడానికే. బల్బు కింద వెడల్పాటి పళ్లెం, అందులో నీళ్లు, నీళ్ల మీద కాస్త కిరోసిన్. తొలకరి పడగానే వేరుశనగ చేలల్లో ఎర్రగొంగళి తల్లి పురుగుల కోసం పెట్టేది ఇదే. ఇక్కడ చెప్పబోయే ఎరలో కిరోసిన్ ఉండదు. వచ్చిన పురుగును చూస్తాం, ఫొటో తీస్తాం, లెక్క రాసుకుంటాం, తెల్లవారకముందే వదిలేస్తాం. అయితే రెండు ఎరల్లోనూ పురుగు పడే తీరు ఒకటే. దీపం దగ్గరికి వచ్చిన పురుగు అసలు ఏం చేస్తుందో తెలిస్తే బట్ట ఎక్కడ పరవాలో, బల్బు ఎంత ఎత్తున కట్టాలో, గరాటు ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు.

పురుగు దీపాన్ని చూసి చంద్రుడనుకుంటుందని చాలాకాలం చెప్పుకున్నారు. వేడికి వస్తుందని కూడా అన్నారు. 2024 జనవరిలో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన, పురుగులు దీపం చుట్టూ ఎగరడాన్ని హైస్పీడ్ కెమెరాలతో తీసి ఇంకో సంగతి చూపించింది. ఎగిరే పురుగు వెలుగు ఎటు ఉంటే అటు వీపు పెడుతుంది. రాత్రయినా నేలకంటే ఆకాశమే వెలుగుగా ఉంటుంది కాబట్టి, వీపు వెలుగుకు పెడితే చాలు, పైన ఏదో కింద ఏదో దానికి తెలిసిపోతుంది. పక్కన బల్బు వెలిగిందంటే ఆ లెక్క చెడుతుంది. వీపు బల్బు వైపు తిప్పి ఎగరబోయి దాని చుట్టూ గిరగిరా తిరుగుతుంది. బల్బు కిందుగా పోయే పురుగు ముక్కు పైకెత్తుకుని, వేగం పోయి ఆగిపోతుంది. బల్బు మీదుగా పోయేది తలకిందులై నేలకు రాలుతుంది.

అంటే పురుగు దీపం మీద మోజుతో రావడం లేదు. దారిన పోతూ పోతూ వెలుగులో చిక్కుకుంటోంది. దీన్నుంచి మూడు సంగతులు తేలతాయి. ఒకటి, ఎర దూరం నుంచి లాగదు; దాని పట్టు కొద్ది పదుల మీటర్లే. కాబట్టి బల్బు వాట్లు పెంచడంకంటే చెట్టూ చేమా దగ్గర పెట్టడం ముఖ్యం. రెండు, చాలా పురుగులు నేల మీద పడతాయి. నిలువు బట్ట ఒక్కటే కడితే సగం పోగొట్టుకున్నట్టే. మూడు, కొన్ని అసలు చిక్కవు. అదే పరిశోధనలో గన్నేరు ఆకు తిని పెరిగే ఆకుపచ్చ హాక్‌మాత్ అనే పెద్ద శలభం దీపం మీదుగా తిరగబడకుండానే వెళ్లిపోయింది. బట్ట ఖాళీగా ఉందని చుట్టుపక్కల పురుగులు లేవనుకోకూడదు.

దీపం

మన కంటికి కనిపించే వెలుగును బట్టి బల్బు ఎంచుకోవడమే అందరూ చేసే మొదటి తప్పు. రాత్రి పురుగుల కళ్లకు అతినీలలోహిత కాంతి, అంటే యూవీ, బాగా కనిపిస్తుంది. ముఖ్యంగా 350 నుంచి 400 నానోమీటర్ల మధ్యది. ఇంట్లో వాడే 9 వాట్ల తెల్ల ఎల్ఈడీ బల్బులో అది దాదాపు ఉండదు. దాని కింద కూడా పురుగులు చేరతాయి కానీ చాలా తక్కువ.

సులువుగా దొరికేది 12 వోల్టుల యూవీ ఎల్ఈడీ పట్టీ. 3528 రకం, మీటరుకు 60 ఎల్ఈడీలు ఉండేది తీసుకోండి. మీటరుకు 4.8 వాట్లు తింటుంది. అంగళ్లలో దొరికే చాలా పట్టీలు 395 నుంచి 405 నానోమీటర్లవి. 365 అయితే ఇంకా మంచిది, కానీ మన కంటికి మసకగా కనిపిస్తుంది, చూసి మోసపోకండి. ఊదా రంగు అలంకరణ పట్టీని కూడా యూవీ అని అమ్ముతారు. పరీక్ష చిన్నదే: చీకట్లో కరెన్సీ నోటు మీద వెలుగు వేయండి. నోటు నంబరు మెరవాలి. నోటంతా ఊదాగా కనబడి నంబరు మెరవకపోతే అది యూవీ కాదు.

రెండంగుళాల పీవీసీ పైపు, బయటి వ్యాసం 63 మిల్లీమీటర్లది, 30 సెంటీమీటర్ల ముక్క కోయండి. చుట్టుకొలత ఇంచుమించు 20 సెంటీమీటర్లు వస్తుంది. 2 మీటర్ల పట్టీని చుట్టకు చుట్టకు మధ్య 2.5 సెంటీమీటర్ల దూరం ఉండేలా చుడితే పది చుట్లు, 25 సెంటీమీటర్ల ఎత్తు. పట్టీ ప్రతి మూడు ఎల్ఈడీలకు, అంటే 5 సెంటీమీటర్లకు ఒక గీత దగ్గర తెగుతుంది. వేరేచోట కోస్తే ఆ ముక్క వెలగదు. వెనకున్న జిగురు వేడికి ఊడుతుంది కాబట్టి మొదట్లో, చివర్లో జిప్ టై బిగించండి. పైపు మీద ముందు అల్యూమినియం టేపు అంటిస్తే వేడి సర్దుకుంటుంది, పట్టీ ఎక్కువకాలం మన్నుతుంది.

2 మీటర్లకు 9.6 వాట్లు, అంటే 0.8 ఆంపియర్లు. యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-గంటల) బ్యాటరీలో సగమే వాడుకుందాం, 3.5 ఏహెచ్, నాలుగు గంటలు దాటి వెలుగుతుంది. వెలుగుతుండగా బ్యాటరీ వోల్టేజి 11.5కు దిగితే ఆపేయండి, ఇంకా పిండితే బ్యాటరీ పాడవుతుంది. పాజిటివ్ తీగలో 2 ఆంపియర్ల ఫ్యూజు తప్పకుండా పెట్టండి. తడి బట్ట, మంచు, చీకటి ఉన్నచోట తీగలు ఆనుకుని బ్యాటరీ షార్ట్ అయితే తీగలు కాలిపోతాయి.

మెయిన్స్ కరెంటు అందే డాబా అయితే ఈగల మిషన్లలో వాడే 15 వాట్ల, అడుగున్నర పొడవు యూవీ ట్యూబు ఇంకా బాగా పనిచేస్తుంది. ట్యూబును విడిగా కొని, అదే పొడవు, అవే వాట్ల ట్యూబులైటు ఫిట్టింగులో బిగించండి. మిషన్ విప్పకండి, అందులోని జాలీకి చాలా ఎక్కువ వోల్టేజి ఉంటుంది. 160 వాట్ల మెర్క్యురీ బల్బు దొరికితే పురుగులకు పండగే కానీ దానికి ఇబ్బందులున్నాయి. బాగా కాలుతుంది, వాన చినుకు పడితే గాజు పగులుతుంది. పైగాజు పగిలాక వెలిగితే కళ్లకు హాని చేసే కిరణాలు బయటికొస్తాయి, వెంటనే ఆపేయాలి. ఒకసారి ఆర్పితే చల్లారేదాకా మళ్లీ వెలగదు.

ఒక్కటి మాత్రం ఎవరు చెప్పినా వాడకండి: నీళ్ల ఫిల్టరులో ఉండే యూవీ ట్యూబు, గదులు శుద్ధి చేయడానికి అమ్మే యూవీ ట్యూబు. అవి 254 నానోమీటర్లవి. కొద్ది నిమిషాల్లోనే కళ్లకు, చర్మానికి దెబ్బ. పురుగుల కోసం వాడే 365 ట్యూబును కూడా నేరుగా చూస్తూ కూర్చోకూడదు. పాలీకార్బొనేట్ కళ్లద్దాలు పెట్టుకోండి.

పంచె

ఎనిమిది మూరల తెల్ల నూలు పంచె దీనికి సరిగ్గా సరిపోతుంది. పొడవు మూడున్నర మీటర్ల పైనే ఉంటుంది. రెండు గుంజల మధ్య 1.6 మీటర్ల ఎత్తున తాడు కట్టి, పంచె పొట్టి వైపు అంచు దానికి క్లిప్పులతో పట్టించి, మిగతాది నేల దాకా దించి, అక్కడినుంచి ముందుకు పరవండి. గోడా నేలా ఒకే బట్ట కావడం వల్ల మధ్యలో సందు ఉండదు. రెండు బట్టలు వాడితే ఆ సందులోకే పురుగులన్నీ దూరతాయి. అంచులకు రాళ్లు పెట్టండి. దీపం నిలువు బట్టకు 30 నుంచి 40 సెంటీమీటర్లు ముందు, నేలకు 1.2 మీటర్ల ఎత్తున ఉంటే గోడ మీదా నేల మీదా వెలుగు పడుతుంది.

కొత్తగా మెరిసే పంచెకంటే పాతది మేలు. తెల్లదనం కోసం సబ్బు పొడుల్లో కలిపే పదార్థాలు యూవీని మింగేసి నీలం వెలుగుగా మారుస్తాయి. చీకట్లో యూవీ కింద బట్ట నీలంగా వెలిగిపోతోందంటే ఆ మేరకు యూవీ తిరిగి రావడం లేదన్నమాట.

గాలి దీనికి పెద్ద శత్రువు. బట్ట ఊగితే వాలినవి లేచిపోతాయి. ప్రహరీ గోడను గాలి వచ్చే వైపు ఉంచుకుని కట్టండి, కింది మూలలు కూడా లాగి కట్టండి. వీధి దీపం వెలుగు నేరుగా పడే చోటు వద్దు. ఇక బట్టనే చూస్తూ కూర్చోకండి: చాలా పురుగులు బట్ట వెనక, గోడ మీద, మూడు నాలుగు మీటర్ల దూరంలో గడ్డి మీద వాలి కదలకుండా ఉంటాయి. టార్చి వేసి వెతకాలి, అడుగు చూసి వేయాలి.

బకెట్టు

రాత్రంతా మేలుకోలేనివాళ్లకు బకెట్టు. 20 లీటర్ల ఖాళీ పెయింటు బకెట్టు కడిగి, వాసన పోయేదాకా నాలుగు రోజులు ఎండబెట్టండి. వాసనుంటే లోపల పురుగులు చస్తాయి.

గరాటు కొనక్కర్లేదు, నున్నటి ప్లాస్టిక్ షీటుతో చుట్టుకోవచ్చు. బకెట్టు మూతి లోపలి వ్యాసం 28 సెంటీమీటర్లు అనుకుందాం. షీటు మీద 19.8 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో పెద్ద వృత్తం, అదే కేంద్రంతో 3.5 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో చిన్న వృత్తం గీయండి. కోణమానినితో 255 డిగ్రీల మేర ఉంచి, అతికించడానికి ఇంకో 10 డిగ్రీలు కలుపుకుని, మిగతాది కోసేయండి. చుట్టి అతికిస్తే 45 డిగ్రీల వాలు, కింద 5 సెంటీమీటర్ల రంధ్రం ఉన్న గరాటు వస్తుంది. మీ బకెట్టు మూతి కొలత వేరైతే మూతి వ్యాసార్ధాన్ని 1.414తో గుణించండి, అదే పెద్ద వృత్తం, కోణం మారదు. రంధ్రం 3 సెంటీమీటర్లకు తగ్గిస్తే పెద్ద హాక్‌మాత్‌లు దిగవు, 7 దాటితే దిగినవి ఎక్కి వచ్చేస్తాయి. షీటు గరుకుగా ఉన్నా అంతే, కాళ్లు పట్టు దొరికి పైకి నడిచేస్తాయి.

పట్టీ చుట్టిన పైపు గరాటు మధ్యలో నిలబడాలి. పైపు చుట్టూ మూడు పారదర్శక రెక్కలు, 120 డిగ్రీలకొకటి, ఒక్కోటి 30 సెంటీమీటర్ల ఎత్తు, 10.5 సెంటీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల అక్రిలిక్. దీపం చుట్టూ తిరిగే పురుగు వీటికే తగిలి గరాటులోకి జారుతుంది. రెక్కలు లేకుండా కడితే పురుగులు రాత్రంతా చుట్టూ తిరిగి పక్క గోడ మీద వాలతాయి. బకెట్టు ఖాళీగా ఉందని చెప్పేవాళ్లు ఎక్కువమంది వదిలేసేది ఈ రెక్కలనే.

లోపల ముప్పై గుడ్ల అట్టలు, ప్లాస్టిక్‌వి కాదు, కాగితపువే, సగానికి కోసి నిలువుగా పెట్టండి. పురుగు ఒక గుంటలో దూరిందంటే తెల్లారేదాకా కదలదు. అట్టలు లేకపోతే రాత్రంతా కొట్టుకుని రెక్కల పొడి రాలి, పొద్దునకు ఏ జాతో చెప్పలేని స్థితిలో ఉంటుంది. అడుగున 5 మిల్లీమీటర్ల బెజ్జాలు ఆరు వేసి పైన దోమతెర ముక్క అంటించండి, గరాటు వాననీళ్లు కూడా పట్టుకొస్తుంది మరి. బకెట్టు మూతనే పైపు కొన మీద కప్పుగా బిగించవచ్చు. వాన లేని రాత్రి దాన్ని తీసేయండి, పైనుంచి పోయే పురుగుకు కూడా వెలుగు తగలాలి.

చీమల సంగతి మరిచిపోతే మిగతాదంతా వృథా. తెల్లవారుజామున గరాటు తీస్తే పురుగుల రెక్కలు మాత్రమే మిగులుతాయి. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో ఇటుక పెట్టి, దాని మీద బకెట్టు. ఇటుక నుంచి గోడకు గానీ మొక్కకు గానీ ఏదీ తగలకూడదు.

ఏ రాత్రి, ఏ వేళ

జూన్ నుంచి నవంబరు దాకా బాగుంటుంది. అమావాస్యకు అటూ ఇటూ వారం చాలా మంచిది. పున్నమి వెన్నెల్లో ఆకాశమే వెలుగుగా ఉంటుంది కాబట్టి మన దీపం ప్రభావం తగ్గిపోతుంది. మబ్బు పట్టి, ఉక్కగా, గాలి లేకుండా, సాయంత్రం ఓ జల్లు పడి వెలిసిన రాత్రి దొరికితే వదలకండి.

పొద్దుగూకిన గంటన్నరలో పెంకు పురుగులు, దోమలు, రెక్కల నల్లులు వస్తాయి. పదింటి తర్వాత హాక్‌మాత్‌లు పెరుగుతాయి. పట్టుపురుగు జాతి పెద్ద శలభాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే. ఎనిమిదింటికే మూట కట్టేవాళ్లు వీటిని చూడలేరు.

తొలి వానల తర్వాతి సాయంత్రం ఉసిళ్లు లేస్తే దీపం ఆర్పేయండి. బట్టంతా రెక్కలే రాలి ఇంకేదీ కనబడదు, బకెట్టయితే నిండి లోపలున్నవి ఊపిరాడక చస్తాయి. ఓ గంట ఆగితే వాటి గుంపు సర్దుకుంటుంది, అప్పుడు మళ్లీ వెలిగించండి.

వచ్చేవి

వరి పొలాల దగ్గరైతే ముందుగా పోల్చుకోవలసింది కాండం తొలుచు పురుగు. ఆడది పసుప్పచ్చగా ఉంటుంది, ముందు రెక్కలు ఒక్కోదాని మీద ఒక్కో నల్ల చుక్క. ఆకుముడత పురుగు చిన్నది, బంగారు రంగు రెక్కల మీద నల్లటి వంకర గీతలు. కార్తీకంలో పైరు పండేవేళ దీపాల చుట్టూ ముసిరే సన్నటి ఆకుపచ్చ పురుగుకు పచ్చదీపపు పురుగు అనే పేరుంది. పేరులోనే దాని అలవాటు చెప్పారు. వరి రసం పీల్చే సుడిదోమలో పొడవు రెక్కలవే దీపానికి వస్తాయి. పొట్టి రెక్కలవి మొదళ్లలోనే ఉండిపోతాయి. దీపం దగ్గర సుడిదోమ కనిపించిందంటే అది చోటు మారుతోందని అర్థం, పొలంలో ఎంత ఉందో మాత్రం దుబ్బు వంచి చూస్తేనే తెలుస్తుంది. రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ దేశమంతటి వరి కేంద్రాల నుంచి దీపపు ఎరల లెక్కలు తెప్పించుకునేది పురుగుల రాకపోకలు తెలుసుకోవడానికే.

వేరుశనగ ప్రాంతాల్లో ఎర్రగొంగళి తల్లి పురుగు: తెల్లటి ముందు రెక్కల మీద గోధుమ చారలు, ముందు అంచున పసుపు పట్టీ. ఆముదం చేల దగ్గర దాసరి పురుగు తల్లి: రెక్కలు మూసుకుంటే బూడిద గోధుమ రంగు, తెరిస్తే వెనక రెక్కలు నల్లగా, తెల్ల పట్టీలతో. నువ్వుల చేల దగ్గర వీపు మీద పుర్రె బొమ్మలాంటి గుర్తున్న పెద్ద హాక్‌మాత్. ముట్టుకుంటే కీచుమంటుంది, భయపడక్కర్లేదు.

పేర్లు తెలియనప్పుడు కూర్చున్న తీరు చూడండి. విమానంలా త్రికోణంగా కూర్చుంటే హాక్‌మాత్. రెక్కలు గోడకు అతికించినట్టు పరిచి కూర్చుంటే చాలావరకు కొలతపురుగుల కుటుంబం. ఇంగ్లీషు టీ అక్షరంలా సన్నటి రెక్కలు అడ్డంగా చాపితే ఈకరెక్క శలభం. వీపు మీద ఇంటికప్పులా రెక్కలు వాల్చి, ముందు రెక్క మీద చిక్కుడు గింజలాంటి మచ్చ ఉంటే లద్దెపురుగు, కత్తెర పురుగు బాపతు.

బత్తాయి తోటల్లో పండ్ల రసం పీల్చే రెక్కల పురుగును చూడాలంటే దీపం ఒక్కటే చాలదు. దాని గొంగళి తిప్పతీగ తింటుంది, పెద్దదయ్యాక పండు వాసనకు వస్తుంది. అరకిలో బెల్లం పాకం పట్టి, బాగా మగ్గిన అరటిపండ్లు రెండు పిసికి కలిపి, చల్లారాక ఒక గ్లాసు కల్లు పోయండి. పొద్దుగూకేముందు ఎనిమిది పది చెట్ల మొదళ్లకు ఛాతీ ఎత్తున కుంచెతో పూయండి. అరగంటకోసారి ఎర్ర కాగితం కట్టిన టార్చితో చూడండి. తెరిచిన వెనక రెక్కల నారింజ పసుపు చూశాక ఆ పాకం శ్రమ గుర్తుండదు.

జాగ్రత్తలు

చీమలా సన్నగా, సెంటీమీటరు లోపు పొడవుతో, నల్ల తల, నారింజ ఛాతీ, నీలంగా మెరిసే పొట్టి రెక్కకప్పులు, నారింజ పొట్ట, నల్లటి తోక కొస ఉన్న పురుగు కనిపిస్తే చేత్తో తుడవకండి. యాసిడ్ పురుగు అంటారు, కుట్టదు, కరవదు. నలిపితే దాని ఒంట్లో రసం చర్మానికి తగిలి ఒకటి రెండు రోజులకు కాలినట్టు పొక్కుతుంది. మీద వాలితే ఊదేయండి. నలిగితే వెంటనే సబ్బుతో కడగండి, ఆ చేత్తో కన్ను నలుపుకోకండి. చెరువు దగ్గరైతే వేలెడు పొడవు నీటినల్లి కూడా వస్తుంది, దాని కాటు చాలా నొప్పి.

చెవుల్లో దూది పెట్టుకోండి. చిన్న పెంకు పురుగు చెవిలో దూరడం మామూలే. ముదురు రంగు చొక్కా వేసుకోండి, తెల్లది వేస్తే మీరే రెండో పంచె అవుతారు. పురుగుల కోసం కప్పలు, కప్పల కోసం పాములు వస్తాయి. బూట్లు లేకుండా పొలంలో దిగకండి, నేల బట్ట మడిచేముందు కర్రతో ఎత్తి చూడండి. అడవిలో పెట్టాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి.

ఫొటో, లెక్క

యూవీ వెలుగులో తీసిన ఫొటో అంతా ఊదాగా వస్తుంది, రంగులు నమ్మలేం. తెల్ల టార్చికి ట్రేసింగ్ కాగితం కట్టి పక్కనుంచి వేయండి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, వీలైతే వెనక రెక్క కనిపించేలా ఒకటి, పక్కన స్కేలు పెట్టి తీయండి. ఊరికే ఎగిరిపోయేదాన్ని చిన్న డబ్బాలో వేసి ఫ్రిజ్ కింది అరలో పది నిమిషాలు ఉంచితే నెమ్మదిస్తుంది. ఫ్రీజరులో వద్దు.

పుస్తకంలో తేదీ, చోటు, ఏ దీపం, ఎన్నింటికి వెలిగించి ఎన్నింటికి ఆర్పారు, తిథి, గాలి, వాన రాయండి. దీపం మార్చితే పాత లెక్కలతో పోల్చకండి. ఏమీ రాని రాత్రి కూడా రాయాలి, వచ్చే ఏడాది అదే పనికొస్తుంది. 2012లో మొదలై ఏటా జులై చివరి వారంలో జరిగే నేషనల్ మాత్ వీక్ (శలభాల వారం)లో మన దేశం నుంచీ పాల్గొంటారు. ఆ వారం ఐనాచురలిస్ట్ అనే ప్రకృతి ఫొటోల వెబ్‌సైటులో మీ ఊరి ఫొటోలు పెడితే పేర్లు చెప్పేవాళ్లు దొరుకుతారు.

వదలడం తెల్లవారకముందే చేయండి. దీపం ఆర్పి, అట్టలను ఒక్కొక్కటే తీసి, పది మీటర్ల అవతల గుబురు పొదల కింద నీడలో ఆనించి వెళ్లిపోండి. విదిలించకండి, ఒంట్లో వేడి పుంజుకోని పెద్ద పురుగు ఎగరలేక నేల మీదే పడుతుంది. రోజూ ఒకే చోట వదిలితే కాకులు, పసులపోలిగాళ్లు రెండు రోజుల్లో కనిపెట్టి పొద్దున్నే కాచుకుని కూర్చుంటాయి. చోటు మార్చండి, వరుసగా రెండు రాత్రులు ఒకే చోట దీపం పెట్టకండి. నిన్న రాత్రంతా చిక్కుకుపోయిన పురుగు తినాలి, జత కట్టాలి, గుడ్లు పెట్టాలి. దానికున్న రాత్రులు చాలా తక్కువ.